చివరి రోమా కంచు నాణేలు: సేకరణ, ఎంపిక, మార్పిడి

నాల్గవ శతాబ్దపు సంఘ చరిత్రను బోధించేవారు సాధారణంగా యూసేబియస్‌తో మొదలుపెట్టి, 325 నాటి నీకయ సభ మీదుగా థియొడోసియస్ శాసనాల వరకు వెళ్తారు. ఈ ఆధారాలన్నీ గ్రంథస్థమైనవే. వాటిని రాసినవారు బిషప్పులు, పండితులు, రాజోద్యోగులు. కాగా అదే కాలంలో కూరగాయలమ్మే స్త్రీ, కూలివాడు, సరిహద్దు సైనికుడు, సంఘంలోని పరిచారకుడు రోజూ చేతితో ముట్టిన రాజముద్ర ఒక్కటే. అది కంచు నాణెం. చక్రవర్తి తన గురించి, తన దేవుని గురించి, తన రాజ్యం గురించి ప్రజలు ఏమనుకోవాలని కోరాడో అది ఆ చిన్న బిళ్ళపై ఉంది. అందుచేత ఈ నాణేలు వేదాంత విద్యార్థికి వినోద వస్తువులు మాత్రమే కావు.

మరొక విశేషం ఏమిటంటే, ఇవి దుర్లభమైనవి కావు. పదిహేడు వందల ఏళ్ళ నాటి వస్తువును మామూలు జీతగాడు కూడా కొనగలిగే రంగాలు చాలా తక్కువ. వాటిలో ఇది ఒకటి. అందువల్లనే ఈ రంగంలో ఒక అలవాటు బలంగా పాతుకుపోయింది. సేకర్త మొదట ఏదో ఒక నాణెం కొంటాడు. కొంతకాలానికి అదే రకంలో ఇంకా స్పష్టమైనది దొరికితే దానిని కొని పాతదాన్ని వదిలించుకుంటాడు. దీనిని సేకర్తలు అప్‌గ్రేడ్ అంటారు. ఈ పని ఎప్పుడు జ్ఞానాన్ని పెంచుతుంది, ఎప్పుడు ఆధారాన్ని చెరుపుతుంది అనేది ఈ వ్యాసంలో ప్రధాన విచారణ.

ఏ నాణేలను గూర్చి మాట్లాడుతున్నాం?

క్రీ.శ. 294 ప్రాంతంలో డయోక్లీషియన్ చక్రవర్తి నాణేల వ్యవస్థను సంస్కరించి ఒక పెద్ద కంచు నాణేన్ని ప్రవేశపెట్టాడు. బరువు సుమారు 10 గ్రాములు. అందులో కొద్ది శాతం వెండి కలిసి ఉండేది. పైన వెండి మెరుపు ఉండేది. పాత పుస్తకాలు దీనిని ఫాలిస్ అంటాయి, ఇప్పటి పండితులు నమ్మస్ అంటున్నారు. 498లో అనస్తాసియస్ చక్రవర్తి పెద్ద రాగి నాణేలను తిరిగి తెచ్చేవరకు గల రెండు శతాబ్దాల కంచును 'చివరి రోమా కంచు' అనడం ఆనవాయితీ.

ఈ రెండు శతాబ్దాల కథ ఒక విధంగా బరువు తగ్గుదల కథే. 10 గ్రాముల నాణెం 313 నాటికి మూడున్నర గ్రాములకు దిగింది. కాన్‌స్టంటైన్ మరణించే 337 నాటికి అది గ్రామున్నర పైచిలుకు. శతాబ్దం చివరికి వచ్చేసరికి చిటికెన వేలి గోరంత ముక్క మిగిలింది. మధ్యలో పెద్ద నాణేలు తెచ్చే ప్రయత్నాలు జరిగాయి గాని నిలవలేదు. ధరలను అదుపు చేయడానికి 301లో డయోక్లీషియన్ వెలువరించిన ధరల శాసనం చదివేటప్పుడు, దాని పక్కన ఈ నాణేలను వరుసగా పేర్చి చూపితే విద్యార్థికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

ఈ నాణేల్లో చాలా వాటికి ఆనాడు ఏ పేరు ఉండేదో మనకు నిశ్చయంగా తెలియదు గనుక పండితులు పరిమాణాన్నిబట్టి వర్గాలు చేశారు. కంచుకు లాటిన్‌లో గల పదం నుండి ఏ.ఇ. అనే పొడి అక్షరాలు తీసుకొని, 25 మిల్లీమీటర్లకు మించినవి ఏ.ఇ. 1, సుమారు 21 నుండి 25 వరకు ఏ.ఇ. 2, 17 నుండి 21 వరకు ఏ.ఇ. 3, అంతకన్న చిన్నవి ఏ.ఇ. 4 అన్నారు. అమ్మకపు జాబితాల్లో ఈ గుర్తులే కనిపిస్తాయి.

ఇవి ఇంత విరివిగా దొరకడానికి కారణం భూమిలో పాతిపెట్టిన రాశులు. మనవాళ్ళు లంకెబిందెల కథలు చెప్పుకుంటారు. బ్రిటన్, స్పెయిన్ వంటి చోట్ల అవి కథలు కావు. 2013లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో సీటన్ డౌన్ వద్ద ఒకే గోతిలో 22,888 కంచు నాణేలు దొరికాయి. 2016లో స్పెయిన్‌లోని తొమారెస్ పట్టణంలో నీటి గొట్టాల కోసం తవ్వుతుండగా 19 జాడీలు బయటపడ్డాయి; వాటిలోని నాణేల బరువు సుమారు 600 కిలోలు. ఇటువంటి లెక్కలు చూసినపుడు ఒక సాధారణ రకంలో బాగా అరిగిన నాణెంతో సర్దుకుపోవలసిన అవసరం సేకర్తకు ఎందుకు లేదో అర్థమవుతుంది.

చదవడం నేర్చుకోవాలి

బొమ్మ వైపు చక్రవర్తి ముఖం, చుట్టూ పేరు, బిరుదులు ఉంటాయి. బొరుసు వైపు ఒక దృశ్యం, దాని చుట్టూ ఒక నినాదం. దృశ్యం కింద అడ్డగీత గీసి, ఆ గీత కింద టంకశాల గుర్తు వేస్తారు. కొత్త సేకర్తలు ముఖం చూసి నాణెం కొంటారు. చరిత్ర ఎక్కువగా బొరుసు మీద, అందులోనూ ఆ గీత కింద ఉంది.

అపొస్తలుల కార్యములు చదివినవారికి ఆ గీత కింద పాత పరిచయస్థులు కనిపిస్తారు. అంతియొకయ, థెస్సలొనీక, అలెక్సంద్రియ, రోమా, ఇవన్నీ ఆనాటి టంకశాలలే. ఎస్.ఎం. అనే అక్షరాలు సాక్రా మొనేటా, అనగా చక్రవర్తి పవిత్ర ద్రవ్యం అనే మాటకు పొడి రూపం. వాటి తరువాత ఎన్ ఉంటే నికొమేదియ, కె ఉంటే కుజికస్, హెచ్ ఉంటే హెరక్లేయ. ఆపైన వచ్చే ఆల్ఫా, బీటా, గామా వంటి గ్రీకు అక్షరాలు ఆ టంకశాలలో ఏ విభాగం ముద్రించిందో చెప్తాయి. పడమటి టంకశాలల్లో అదే పనికి లాటిన్ అక్షరాలు వాడారు. లండన్‌లో కూడా ఒక టంకశాల ఉండి 325 ప్రాంతంలో మూతపడింది. ఈ గుర్తుల ఆధారంగానే పండితులు నాణేన్ని రెండు మూడేళ్ళ వ్యవధిలోకి తేగలుగుతున్నారు. నాణేల వివరాలన్నీ రోమన్ ఇంపీరియల్ కాయినేజ్ అనే గ్రంథమాలలో ఆరు నుండి పది వరకు గల సంపుటాల్లో ఉన్నాయి. వాటిలో కాన్‌స్టంటైన్ కాలానికి సంబంధించిన ఏడవ సంపుటం పాట్రిక్ బ్రూన్ కృషి; 1966లో వెలువడింది. ఇంత ఖరీదైన పుస్తకాలు మన గ్రంథాలయాల్లో దొరకడం అరుదు. అయితే అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీవారు ఈ సమాచారాన్ని ఉచితంగా ఇంటర్నెట్‌లో ఉంచారు గనుక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది.

మెరుగైనది అంటే ఏమిటి?

వ్యాపారులు ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ అని మూడు నాలుగు మెట్లు చెప్తారు. ఈ మెట్లు ప్రధానంగా అరుగుదలను కొలుస్తాయి. చక్రవర్తి జుట్టు, చెంప, సైనికుని మోకాలు వంటి ఎత్తయిన చోట్లు ముందుగా అరుగుతాయి. కాని ఒక నాణెం స్పష్టంగా లేకపోవడానికి అరుగుదల ఒక్కటే కారణం కాదు. అచ్చు అప్పటికే వాడివాడి మొండిదై ఉండవచ్చు. సమ్మెట దెబ్బ పక్కకు పడి నినాదంలో సగం బిళ్ళ దాటి పోయి ఉండవచ్చు. బిళ్ళే చిన్నది కావచ్చు. మట్టిలోని లవణాలు ఉపరితలాన్ని తిని ఉండవచ్చు. ఎవరో అత్యుత్సాహంతో గీకి ఉండవచ్చు. అరగకపోయినా టంకశాల గుర్తు లేని నాణెం కంటే, కాస్త అరిగినా గీత కింది అక్షరాలు పూర్తిగా ఉన్న నాణెం అధ్యయనానికి మేలు. మెట్ల పేర్లను చూసి మార్పిడి చేసేవాడు ఈ తేడాను పోగొట్టుకుంటాడు.

నా దృష్టిలో ఈ విషయంలో సాధారణ సూత్రాలకంటె రకాలవారీ పరిశీలన ఉపయోగకరం. కొన్నింటిని చూద్దాం.

డయోక్లీషియన్ పెద్ద నమ్మస్ మీద బొరుసు వైపు రోమా ప్రజల గెనియస్, అనగా రక్షకదేవత, చేతిలో అర్పణపాత్రతో నిలబడి ఉంటుంది. 303లో నికొమేదియలో క్రైస్తవులపై హింసా శాసనం వెలువడిన రోజుల్లో అక్కడి సంతలో చేతులు మారిన నాణెం ఇదే. దేవతలకు అర్పణ చేయనని ప్రాణం ఇచ్చినవారి మొలలో కూడా అర్పణ బొమ్మగల ఈ నాణేలు ఉండి ఉంటాయి. తెలిసి కొనేవారికి ఈ రకంలో మంచివి పుష్కలం. వెండి మెరుపు మిగిలినవి సైతం దొరుకుతాయి. ఇక్కడ మార్పిడి నిస్సందేహంగా లాభం. ఎందుకంటే వెండి పూత కనిపిస్తేనే ఆ నాణెం ఏమని చలామణి అయిందో తెలుస్తుంది. పూత పోయిన గోధుమరంగు బిళ్ళను చూసి ఆనాటి సంస్కరణను ఊహించలేము.

కాన్‌స్టంటైన్ వేయించిన సోలి ఇన్విక్తో కోమితి రకం మీద సూర్యదేవుడు నిలబడి ఉంటాడు. నినాదానికి అర్థం 'జయింపబడని సూర్యునికి, నా సహచరునికి'. 312లో మిల్వియన్ వంతెన యుద్ధం తరువాత కూడా ఐదారేళ్ళ పాటు ఈ బొమ్మ కంచు నాణేలపై కొనసాగింది. యుద్ధానికి ముందటి నాణెమా, తరువాతిదా అన్నదే చరిత్ర విద్యార్థికి ముఖ్యం. అది తేలేది టంకశాల గుర్తును, మైదానంలోని చిన్న అక్షరాలను, బరువును బట్టి. అందమైన ముఖం గల 310 నాటి నాణెం కోసం గుర్తు స్పష్టంగా ఉన్న 316 నాటి నాణేన్ని వదులుకుంటే, 'యుద్ధానంతరం కూడా సూర్యుడే' అనే సాక్ష్యం పెట్టెలో నుండి వెళ్ళిపోయినట్టే. ఇది మెరుగుపరచడం కాదు, రెండు వేర్వేరు వస్తువులను ఒకటనుకోవడం.

దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ సిస్కియా టంకశాలలో 319 ప్రాంతంలో ముద్రించిన విక్టోరియే లేతే రకం. ఇద్దరు విజయదేవతలు డాలు పట్టుకొని ఉంటారు. బొమ్మ వైపు కాన్‌స్టంటైన్ శిరస్త్రాణం ధరించి ఉంటాడు. ఆ శిరస్త్రాణంపై కొన్ని నాణేల్లో క్రీస్తు నామపు తొలి రెండు గ్రీకు అక్షరాలు కలిసిన ఖీ-రో గుర్తు ఉంది. 315లో టికినుంలో ముద్రించిన ప్రసిద్ధ వెండి పతకంపై కూడా ఇదే గుర్తు ఉంది. దీనిని చక్రవర్తి విశ్వాస ప్రకటనగా భావించినవారు చాలామంది. బ్రూన్ మాత్రం కంచు నాణేలపై ఇటువంటి గుర్తులు టంకశాల పనివారి స్థాయిలో వచ్చినవి, రాజవిధానం కాదు అని వాదించారు. ఈ వాదం ఎటు మొగ్గినా చివరకు అది ఒకటి రెండు మిల్లీమీటర్ల వ్యవహారం. అది నక్షత్రమా, ఖీ-రోనా? అరిగిన నాణెంపై రెండూ ఒకేలా ఉంటాయి. ఇక్కడ స్పష్టత లేని నాణెం సాక్షిగా నిలబడదు. కాబట్టి ఓపికతో ఎదురుచూసి, స్తోమత ఉన్నంతలో బాగా స్పష్టమైనదే తీసుకోవాలి. గుర్తును తరువాత ఎవరో సూదితో చెక్కలేదని భూతద్దం కింద నిర్ధారించుకొని మరీ తీసుకోవాలి.

330 తరువాత వచ్చిన గ్లోరియా ఎక్సెర్సితూస్ రకం, ఇద్దరు సైనికులు, మధ్యలో రెండు ధ్వజాలు, బహుశా ఈ మొత్తం రంగంలో అన్నిటికంటె సులభంగా దొరికేవాటిలో ఒకటి. 335 ప్రాంతంలో నాణెం చిన్నదైపోగా రెండు ధ్వజాలకు చోటు చాలక ఒక్కటే మిగిలింది. ద్రవ్యోల్బణాన్ని ఇంత హాస్యంగా చూపే వస్తువు మరొకటి నాకు తెలియదు. ఇక్కడ రెండు మంచి నాణేలు, ఒకటి ముందుది, ఒకటి తరువాతది, ఉంటే చాలు.

337లో కాన్‌స్టంటైన్ మరణించిన తరువాత కుమారులు వేయించిన స్మారక నాణెం విషయం ఇంకా ఆసక్తికరం. బొమ్మ వైపు తలపై ముసుగుతో చక్రవర్తి. బొరుసు వైపు నాలుగు గుర్రాల రథంపై ఆయన పైకి వెళ్తుండగా, ఆకాశం నుండి ఒక చేయి కిందికి చాపబడి ఉంటుంది. యూసేబియస్ తన కాన్‌స్టంటైన్ చరిత్ర నాలుగవ పుస్తకంలో ఈ నాణేన్నే వర్ణించాడు. ఒక సంఘ చరిత్రకారుడు చూసి రాసిన వస్తువును మనం అరచేతిలో పెట్టుకొని అతని మాటతో పోల్చగలగడం అరుదైన సంగతి. ముసుగు, రథం పాత రోమా చక్రవర్తుల దైవీకరణ సంప్రదాయంలోనివి. ఆ చేయి ఏలీయా ఆరోహణాన్ని తలపిస్తుందని క్రైస్తవులు అనుకొని ఉండవచ్చు. అన్యులు తమకు తోచినట్టు చదువుకొని ఉండవచ్చు. ఇద్దరినీ ఒప్పించే ఈ ద్వంద్వార్థమే నాణెం ప్రాణం. అయితే నాణెం వెడల్పు ఒకటిన్నర సెంటీమీటర్లు. చేయి ఉండేది పై అంచున. ఎన్నో నాణేల్లో అది బిళ్ళ దాటి పోయింది. అందుచేత ముసుగు మడతలు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉండి చేయి లేని నాణెంకంటె, ముఖం అరిగినా చేయి నిలిచి ఉన్న నాణెమే నా లెక్కలో మెరుగైనది. వ్యాపారి లెక్క వేరుగా ఉంటుంది. ఇది కొనేవారికి అనుకూలమే.

348 నుండి వచ్చిన ఫెల్ టెంప్ రెపరాషియో, 'సుఖకాలాల పునరుద్ధరణ', వరుసలో ఒక పెద్ద నాణెంపై చక్రవర్తి ఓడలో నిలబడి ఖీ-రో గల ధ్వజం పట్టుకొని ఉంటాడు. ఆ ఓడను నడిపేది రెక్కల విజయదేవత. క్రీస్తు ధ్వజం, అన్యదేవత చుక్కాని! నాల్గవ శతాబ్దపు మిశ్రమ స్వభావంపై రాసే సిద్ధాంత వ్యాసాల్లో ఈ నాణెం ప్రస్తావన ఉండవలసినంతగా ఉండదు. ఇందులో ధ్వజంపై గుర్తు తెలియాలి. మిగిలినది ఎలా ఉన్నా ఫరవాలేదు.

353లో తిరుగుబాటు చక్రవర్తి మాగ్నెన్షియస్ గాల్ దేశంలోని ట్రియర్, ఆమియాన్ వంటి చోట్ల వేయించిన పెద్ద నాణేలపై బొరుసు అంతటా ఖీ-రో, ఇరువైపులా ఆల్ఫా, ఒమెగా ఉంటాయి. దీనికి గిరాకీ ఎక్కువ, కాబట్టి నకిళ్ళు కూడా ఎక్కువే. ఆనాడే ప్రజలు చేసుకున్న మొరటు అనుకరణలు కూడా ఉన్నాయి. వాటిని నకిళ్ళతో కలపకూడదు. అవి ఆ కాలపు చిల్లర కొరతకు సాక్ష్యాలు. మోటు అక్షరాల అనుకరణ ఒకటి చేతికి వస్తే 'మెరుగైన' అసలు దొరికాక కూడా దానిని ఉంచుకోవాలని నా సలహా.

విశ్వాసభ్రష్టుడైన జూలియన్ 361, 363 మధ్య వేయించిన ఎద్దు బొమ్మ నాణెం అందరికీ కావాలి. బరువు ఎనిమిది తొమ్మిది గ్రాములు, ఎద్దు పైన రెండు నక్షత్రాలు, బొమ్మ వైపు తత్వవేత్తల గడ్డం. ఆ గడ్డాన్ని, ఆ ఎద్దును అంతియొకయ ప్రజలు ఎగతాళి చేశారని ఐదవ శతాబ్దపు సంఘ చరిత్రకారుడు సోక్రటీసు (తత్వవేత్త కాదు) రాశాడు. ముందుగా అరిగేది ఆ గడ్డమే. గడ్డం పోయిన జూలియన్ నాణెంలో సగం కథ పోయింది గనుక ఇక్కడ మార్పిడికి నేను అడ్డు చెప్పను.

శతాబ్దం చివర థియొడోసియస్, అతని కుమారుల కాలపు సాలుస్ రెయిపూబ్లికే అనే అతి చిన్న నాణెంపై విజయదేవత ఒక బందీని ఈడ్చుకుపోతుంటుంది. పక్కన సన్నని ఖీ-రో లేదా సిలువ ఉంటుంది. ఒక గ్రాము బరువు. అచ్చు బిళ్ళకంటె పెద్దది. ఈ రకంలో పరిపూర్ణమైన నాణెం కోసం వెతకడం వృథా ప్రయాస. రాజ్యం చేతకానితనం ఆ మొరటుతనంలోనే కనిపిస్తుంది. దానిని దిద్దుకోవాలనుకోవడం దేనికి?

కరూర్ పాఠం

ఇంతవరకు చెప్పినది ఒక్కొక్క నాణెం లోపలి సమాచారాన్ని గురించి. నాణెం బయటి సమాచారం కూడా ఉంది. అది ఎక్కడ దొరికింది?

తెలుగు ప్రాంతంలో బయటపడిన రోమా నాణేల్లో ఎక్కువ భాగం మొదటి రెండు శతాబ్దాల వెండి, బంగారు నాణేలు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన దేనారాల రాశి వీటిలో ప్రసిద్ధమైనది. మన బైబిలులో 'దేనారము' అని చదివే నాణెం ఆ జాతిదే. చివరి రోమా కంచు మాత్రం ఎక్కువగా తమిళనాడులోను, శ్రీలంకలోను దొరుకుతుంది. దక్షిణ భారతంలో రోమా నాణేల జాబితాను 1904లోనే రాబర్ట్ సూయెల్ ప్రకటించారు. విజయనగర చరిత్ర రాసిన సూయెల్ ఈయనే. తరువాత 1989లో పౌలా టర్నర్ గ్రంథం వచ్చింది. కాని కంచు విషయంలో పెద్ద అడుగు వేసినవారు మద్రాసు పత్రికా సంపాదకులు, నాణెశాస్త్రవేత్త ఆర్. కృష్ణమూర్తి (2021లో మరణించారు). కరూర్, మదురై, తిరుక్కోయిలూరులలో దొరికిన చివరి రోమా రాగి నాణేలపై ఆయన ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. కరూర్ నాణేలు అమరావతి నదీగర్భంలో దొరికినవి. ఈ అమరావతి మన కృష్ణా తీరపు అమరావతి కాదు, కావేరి ఉపనది.

ఈ దక్షిణాది నాణేలు ఎలా ఉంటాయో చూసినవారికి తెలుసు. బాగా అరిగి, నీటిలో నాని, అంచులు తిని, అక్షరాలు సగం పోయి ఉంటాయి. ఏ అమ్మకపు జాబితాలోనైనా ఇవి కిందిమెట్టు సరుకే. అప్‌గ్రేడ్ చేసే సేకర్త చేతిలో పడితే వీటి గతి ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. ఐరోపా నుండి వచ్చిన తళతళలాడే నాణెం వాటి స్థానంలోకి వచ్చేది. అయితే ఆ తళతళలాడే నాణెం చెప్పలేనిది ఈ అరిగిన నాణెం చెప్తుంది. నాలుగు, ఐదు శతాబ్దాల్లో మధ్యధరా ప్రపంచపు చిల్లర డబ్బు కావేరి తీరానికి వచ్చింది. వచ్చాక కూడా చాలాకాలం చేతులు మారింది. శ్రీలంకలో ఈ నాణేలను అనుకరిస్తూ స్థానికంగా చిన్న రాగి బిళ్ళలు కూడా చేసుకున్నారు. దక్షిణ భారతంలో తొలి క్రైస్తవుల ఉనికిని గూర్చి ఆలోచించేవారు ఈ వాణిజ్య మార్గాలను పట్టించుకోక తప్పదు. అయితే ఖీ-రో గల ఒక నాణెం కరూరులో దొరికినంత మాత్రాన అక్కడ సంఘం ఉన్నదని తేల్చడం తొందరపాటు. నాణెం తెచ్చినవానికి ఆ గుర్తుకంటె బరువే ముఖ్యమై ఉండవచ్చు.

దొరికిన చోటు తెలిసిన నాణేన్ని, అది ఎంత అరిగినా, మార్పిడి చేయకూడదు. దాని చీటీని నాణెంతో పాటే ఉంచాలి. చీటీ పోయిన మరుక్షణం అది నిజంగానే కిందిమెట్టు సరుకు అవుతుంది.

చింతపండు, చిలుము

మన ఇళ్ళలో కంచు, ఇత్తడి కనబడితే చింతపండు పట్టించి తోమే అలవాటు ఉంది. పూజాసామగ్రికి, బిందెలకు అది చెల్లుతుంది. పురాతన నాణేనికి అది మరణశాసనం. శతాబ్దాలుగా మట్టిలో ఏర్పడిన ఆకుపచ్చ లేదా గోధుమ పొర గట్టిపడి ఉంటుంది. అక్షరాల అంచులు ఇప్పుడు నిలిచి ఉన్నది లోహంలో కాదు, ఆ పొరలోనే. పులుపు ఆ పొరను కరిగిస్తే కింద గుంటలుపడ్డ ఎర్రటి రాగి మిగులుతుంది. వెండి పూత ఉంటే అదీ పోతుంది. మట్టి పట్టిన నాణేన్ని శుద్ధజలంలో వారాల తరబడి నానబెట్టి, నీరు మారుస్తూ, వెదురు పుల్లతో భూతద్దం కింద మెల్లగా తీయడమే క్షేమం.

గట్టి చిలుము వేరు, పొడి చిలుము వేరు. లేత ఆకుపచ్చ పొడి మచ్చలుగా లేచి, వేలితో రాస్తే రాలిపోతుంటే అది బ్రాంజ్ డిసీజ్ అనే క్షయం. లోహంలో దాగిన క్లోరైడులు గాలిలోని తేమతో కలిసి నాణేన్ని లోపలి నుండి తింటాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో ఉండేవారు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. అటువంటి నాణేన్ని వేరుచేసి, సోడియం సెస్కీకార్బనేట్ ద్రావణంలో నానబెట్టి, పూర్తిగా ఆరబెట్టి, సిలికా జెల్ సంచితో మూతగట్టి డబ్బాలో ఉంచాలి. మామూలు పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో ఎక్కువకాలం ఉంచితే ఆ ప్లాస్టిక్ నుండి ఊరే జిగురు నాణెంపై పచ్చగా పేరుకుంటుంది. మైలార్ కవర్లు గాని, ఆమ్లం లేని కాగితపు కవర్లు గాని వాడాలి. క్షయం పట్టిన నాణేన్ని ఆ సంగతి చెప్పకుండా మరొకరికి అంటగట్టి 'మార్పిడి' చేసుకునేవారు లేకపోలేదు.

నకిళ్ళ విషయం క్లుప్తంగా చెప్పాలి. పోతపోసినవాటికి అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ఉపరితలంపై గాలిబుడగల గుంటలు ఉంటాయి. అసలు నాణెంపైనే ఇసుకను జిగురుతో అంటించి 'ఎడారి పొర' అని అమ్ముతారు. అసిటోన్‌లో ముంచితే అది ఊడివస్తుంది. అరిగిన అసలు నాణేన్ని సన్నని పరికరాలతో చెక్కి జుట్టు, కనుబొమ్మలు కొత్తగా తీర్చడం అన్నిటికంటె ప్రమాదకరం. ఎందుకంటే లోహం అసలు, బరువు అసలు, చరిత్ర మాత్రం అబద్ధం. 327 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో ముద్రించిన స్పెస్ పూబ్లికా నాణెం, ఖీ-రో ధ్వజం సర్పాన్ని పొడుస్తున్న దృశ్యం గలది, అత్యంత అరుదు. అది తక్కువ ధరకు ఎదురైతే అసలు కాదని ముందుగానే అనుకోవడం మేలు. తరగతికి దాని ఛాయాచిత్రం చాలు.

పాత నాణెం ఎక్కడికి?

మెరుగైనది వచ్చాక పాతదాన్ని వెంటనే తీసివేయకుండా రెండింటినీ కొంతకాలం పక్కపక్కన ఉంచి, బరువు, వ్యాసం, రెండు అచ్చుల పరస్పర దిశ, టంకశాల గుర్తు నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఫొటో తీయాలి. రెండూ ఒకే రకమని భావించిన ఎన్నో జతలు ఈ దశలోనే వేర్వేరని తేలతాయి. నాణెం ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నారో ఆ వివరం కొత్త యజమానికి చేరాలి. సాంస్కృతిక వస్తువుల అక్రమ రవాణాపై 1970లో యునెస్కో ఒప్పందం వచ్చిన తరువాత ఈ వివరం మర్యాద కోసం మాత్రమే కాదు, నాణెం నిజాయితీకి రుజువు కూడా. ఎక్కడివో చెప్పకుండా గంపగుత్తగా అమ్మే మట్టి నాణేల వెనుక తరచుగా రాత్రిపూట మెటల్ డిటెక్టర్లతో తవ్వేసిన పురావస్తు స్థలాలు ఉంటాయి. ఇంగ్లండులో 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ పథకంలో నమోదైన నాణేలు ఇందుకు భిన్నం. వాటికి దొరికిన చోటు రాతపూర్వకంగా ఉంది. సీటన్ డౌన్ రాశి అధ్యయనానికి అందింది ఆ పద్ధతి వల్లనే. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారు కొనేటట్లయితే అటువంటివే కొనడం మంచిది.

మన దేశంలో ఉన్నవారికి చట్టం మరొక హద్దు పెడుతుంది. పురావస్తువులు, కళానిధుల చట్టం, 1972 ప్రకారం నూరేళ్ళకు తక్కువకాని నాణెం పురావస్తువు. ప్రైవేటు వ్యక్తి దానిని విదేశానికి పంపకూడదు. కాబట్టి పాతదాన్ని విదేశీ వేలంలో అమ్మి కొత్తది కొనే పద్ధతి ఇక్కడివారికి లేదు. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి చట్టం చెప్తుంది. పొలంలో దొరికిన నాణేన్ని చల్లగా కొని పెట్టెలో వేసుకోవడం, అది ఎంత అరిగినదైనా, నేరం కిందికి వస్తుంది.

ఇక మిగిలేది, దొరికిన చోటు తెలియక, అరుదుతనం లేక, పెట్టెలో స్థానం కోల్పోయిన మామూలు అరిగిన నాణెం. దాన్ని తక్కువ ధరకు అమ్మేసుకోవడంకంటె సెమినరీలో సంఘ చరిత్ర బోధించేవారికి ఇవ్వడం మేలు. ఖరీదైన నాణేన్ని అధ్యాపకుడు గాజుపెట్టెలో నుండి చూపిస్తాడు, ఎవరినీ ముట్టుకోనివ్వడు. గ్లోరియా ఎక్సెర్సితూస్ అరిగిన బిళ్ళనైతే ముప్ఫైమంది విద్యార్థుల చేతుల మీదుగా తిప్పవచ్చు. ఒకరు ధ్వజాలు లెక్కపెడతారు, ఒకరు గీత కింది అక్షరాల కోసం వెలుతురు వైపు తిప్పుతారు, ఎవరో ఒకరు ఇది థెస్సలొనీకదా అని అడుగుతారు.